ఎర్ర ధూళి, నల్ల ధూళి: భూగర్భపు వేడికీ పైగాలికీ ఉన్న లంకె

విశాఖపట్నంలో పోర్టును ఆనుకుని ఉన్న పాత ఊరికి, అంటే వన్ టౌన్‌కు, భూగోళ చరిత్రతో మూడు వైపుల నుంచి చుట్టరికం ఉంది. ఓడలు లోపలికి వచ్చే కాలువ ఒడ్డున చర్చి, దర్గా, వేంకటేశ్వరాలయం ఒక్కొక్క గుట్ట మీద వెలసిన కొండల రాయి మొదటిది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల నుంచి గూడ్సు బళ్లలో వచ్చి దిగే ఇనుప ఖనిజం రెండవది. విదేశాల నుంచి ఓడల్లో వచ్చి యార్డులలో గుట్టలు పడే బొగ్గు మూడవది. మేడ మీద ఆరవేసిన బట్టల మీద, కిటికీ రెక్కల మీద ఎర్రగానో నల్లగానో వాలే ధూళి గురించి వన్ టౌన్ వాసులు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటూ వస్తున్నారు; ఆ మొర న్యాయమైనది, ఆరోగ్యానికి సంబంధించినది. అయితే ఆ రేణువులు ఎక్కడివి, అవి ఆ రంగులోనే ఎందుకున్నాయి అని విచారిస్తే జవాబు గని దగ్గరో రేవు దగ్గరో ఆగదు. భూమి లోపలి వేడికీ పైనున్న వాయుమండలానికీ మధ్య సుమారు 450 కోట్ల ఏళ్లుగా సాగుతున్న ఇచ్చిపుచ్చుకోళ్ల దాకా తీసుకుపోతుంది.

భూగర్భాన్ని ఒక శాస్త్రంగా, వాతావరణాన్ని ఇంకొక శాస్త్రంగా విడదీసి చదవడం బోధనా సౌకర్యం కోసం ఏర్పడిన అలవాటే తప్ప ప్రకృతిలో అటువంటి సరిహద్దు లేదు. లోపలి వేడి రాతిని కరిగించి అందులోని వాయువులను పైకి తోస్తుంది. అవి పోగై వాయుమండలం అవుతుంది. వాయుమండలం నేల ఎంత వెచ్చగా ఉండాలో నిర్ణయిస్తుంది. ఆ వెచ్చదనాన్ని బట్టి నీరు ద్రవంగా నిలుస్తుంది, లేదా ఆవిరైపోతుంది, లేదా గడ్డకడుతుంది. నీరు నిలిచిన చోట రాయి అరుగుతుంది, అరుగుతూ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తనలో బంధించుకుంటుంది, ఆ బంధితమైన కర్బనం సముద్రపు అడుగున పేరుకుని కాలక్రమాన మళ్లీ భూగర్భంలోకి దిగుతుంది, అలా దిగిన కర్బనమూ నీరూ అక్కడి రాయి ఏ ఉష్ణోగ్రత దగ్గర కరగాలో మార్చివేస్తాయి. ఒక గ్రహం జీవయోగ్యంగా మిగులుతుందా లేదా అన్నది, సూర్యుడి నుంచి అది ఎంత దూరంలో ఉందన్న దానితో పాటు, ఈ వలయం ఆగకుండా తిరుగుతోందా లేదా అన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

భూమి లోపలి వేడి గాలిని నేరుగా వెచ్చబరుస్తుందని చాలామంది అనుకుంటారు గానీ అది నిజం కాదు. భూమి ఉపరితలం మొత్తం మీద లోపలి నుంచి బయటికి వచ్చే వేడి సుమారు 47 లక్షల కోట్ల వాట్లు. వినడానికి ఇది పెద్ద సంఖ్యే అయినా చదరపు మీటరుకు లెక్కకడితే 0.09 వాట్లకు మించదు. సూర్యుడి నుంచి భూమి గ్రహించే శక్తి సగటున చదరపు మీటరుకు సుమారు 240 వాట్లు, అంటే లోపలి వేడికి రెండున్నర వేల రెట్లకు పైమాట. కాబట్టి వైశాఖమాసపు ఉక్కపోతకు భూగర్భం కారణం కాదు. భూగర్భపు వేడి చేసే పని వేరు. అది రాతిని కరిగించి అగ్నిపర్వతాల ద్వారా వాయువులను విడుదల చేస్తుంది. భూపటలాన్ని కొన్ని పెద్ద పలకలుగా కదిలిస్తుంది. భూమి నడిబొడ్డున ఉన్న ద్రవ ఇనుమును కలియబెట్టి అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఈ మూడు పనులూ కలిసి పైనున్న గాలి స్వభావాన్ని, పరిమాణాన్ని నిర్ణయిస్తాయి.

ఈ వేడి రెండు మూలాల నుంచి వస్తోంది. భూమి పుట్టినప్పుడు చిన్నా పెద్దా గ్రహశకలాలు ఢీకొని కలవడం వల్ల, ఇనుము బరువుకు లోపలికి దిగి కేంద్రంగా పేరుకోవడం వల్ల పుట్టి ఇంకా చల్లారని తొలినాటి వేడి ఒకటి; యురేనియం, థోరియం, పొటాషియం వంటి మూలకాల పరమాణువులు తమంతట తాము క్షీణిస్తూ విడిచే రేడియోధార్మిక వేడి మరొకటి. భూగర్భంలో ఈ క్షీణత జరిగినప్పుడు పుట్టే న్యూట్రినోలను జపాన్‌లోని కామ్‌ల్యాండ్ ప్రయోగశాలలో లెక్కించిన శాస్త్రవేత్తలు, బయటికి వచ్చే వేడిలో ఇంచుమించు సగం రేడియోధార్మికత వల్లనే వస్తోందని 2011లో తేల్చారు.

ఆ ఇంధనాన్ని కంటితో చూడదలచిన వారికి విశాఖ నుంచి భీమునిపట్నం దాకా ఉన్న తీరం చాలు. అల వెనక్కి తగ్గిన చోట లేత ఇసుక మీద నల్లని చారలు, వాటి అంచున గులాబీ రంగు చారలు తేలుతాయి. నల్లనివి ఎక్కువగా ఇల్మనైట్ అనే ఇనుము-టైటానియం ఖనిజపు రేణువులు; గులాబీవి గోమేధిక జాతికి చెందిన గార్నెట్ రేణువులు; వాటి మధ్య బహు కొద్దిగా, తేనె రంగులో ఉండేవి మోనజైట్ రేణువులు. భారత తీరపు మోనజైట్‌లో బరువు లెక్కన సుమారు పదో వంతు దాకా థోరియం ఆక్సైడ్ ఉంటుంది. ఈ రేణువులన్నీ తూర్పు కనుమల రాళ్ల నుంచి వానకు, వాగులకు ఊడి సముద్రానికి చేరి, బరువైనవి కావడం వల్ల అలల తాకిడికి కొట్టుకుపోకుండా ఒడ్డున మిగిలినవి. థోరియంలో సగం క్షీణించడానికి సుమారు 1,400 కోట్ల ఏళ్లు పడుతుంది, యురేనియం-238లో సగానికి సుమారు 447 కోట్ల ఏళ్లు, పొటాషియం-40లో సగానికి సుమారు 125 కోట్ల ఏళ్లు. అందువల్ల భూమి పుట్టిన తొలి రోజులలో రేడియోధార్మిక వేడి నేటి కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా ఉండేదనీ, అప్పటి నుంచి క్రమంగా తగ్గుతూ వస్తోందనీ లెక్క తేలుతుంది. తూర్పు కనుమల రాళ్లలో థోరియం అధికంగా ఉందనీ, ఈ కొండలు పుట్టిన కాలంలో భూపటలం అంతగా వేడెక్కడంలో ఆ రేడియోధార్మిక వేడికి చెప్పుకోదగ్గ పాత్ర ఉందనీ హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు.

ఈ క్షీణత వేడితో పాటు వాయువులను కూడా పుట్టిస్తుందన్న సంగతి సాధారణ పాఠకుల దాకా అంతగా రాలేదు. పొటాషియం-40 క్షీణించినప్పుడు ఆర్గాన్ ఏర్పడుతుంది. మనిషి పీల్చే గాలిలో 0.93 శాతం ఆర్గానే, అంటే కార్బన్ డయాక్సైడ్ కంటే ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. అందులో దాదాపు మొత్తం రాళ్లలోని పొటాషియం నుంచి పుట్టి, రాయి కరిగినప్పుడో అరిగినప్పుడో బయటపడి గాలిలో చేరినదే. అది దేనితోనూ కలవని వాయువు కనుక చేరినది చేరినట్లే నిలిచిపోయింది, భూగర్భం ఇంతకాలంగా ఎంత వాయువును విడిచిందో చెప్పే లెక్కగా మిగిలింది. ఉక్కు కర్మాగారంలో గాలిని అతిశీతలంగా మార్చి ఆక్సిజన్‌ను వేరుచేసేటప్పుడు ఈ ఆర్గాన్ కూడా వేరవుతుంది. కరిగిన ఉక్కు ఉన్న లాడిల్‌లోకి అడుగు నుంచి దాన్ని బుడగలుగా పంపి ఉక్కు అంతటా ఒకే వేడి, ఒకే కూర్పు ఉండేలా కలియబెడతారు. థోరియం, యురేనియం క్షీణించినప్పుడు వచ్చేది హీలియం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరుకు, మద్రాసు నక్షత్రశాల నుంచి పోగ్సన్ మచిలీపట్నానికి వచ్చారు. ఆ గ్రహణకాలపు పరిశీలనలలో సూర్యకాంతిలో కనిపించిన పసుపు గీత చివరకు హీలియం అనే కొత్త మూలకానిదని తేలింది. భూమి రాళ్లలో పుట్టే హీలియం మాత్రం తేలికైనది కావడం వల్ల ఆర్గాన్ లాగా పోగుపడదు, పై పొరల నుంచి అంతరిక్షంలోకి జారిపోతుంది. ఒకే రకమైన క్షీణత నుంచి పుట్టిన రెండు వాయువులలో ఒకటి నిలవడం, ఒకటి పోవడం చూస్తే గ్రహం బరువు కూడా ఈ కథలో పాత్రధారి అని తెలుస్తుంది.

పై గాలి లోపలి వేడిని శాసించిన సందర్భం కూడా ఉంది, అది భూమి తొలి దశలోనిది. అప్పుడు భూమి పైభాగం వందల కిలోమీటర్ల లోతున కరిగిన రాతి సముద్రంగా ఉండేదని శాస్త్రజ్ఞుల నిర్ణయం. పైన గాలి అనేదే లేకపోయి ఉంటే ఆ కరుగు తన వేడిని నేరుగా అంతరిక్షంలోకి విడిచి కొన్ని వేల ఏళ్లలోనే గట్టిపడి ఉండేది. అయితే కరుగులోంచి వెలువడిన నీటిఆవిరి, కార్బన్ డయాక్సైడ్ దట్టమైన వాయుమండలంగా ఏర్పడి వేడిని బయటికి పోనివ్వకుండా అడ్డుకోవడంతో అది గట్టిపడడానికి పది లక్షల ఏళ్ల స్థాయిలో కాలం పట్టింది. తరువాత ఉపరితలం చల్లబడ్డాక ఆవిరి వానగా కురిసి సముద్రమయింది.

విశాఖ చుట్టూ ఉన్న కైలాసగిరి, సింహాచలం, యారాడ కొండల వరసలో ఎక్కువగా కనిపించే రాయి ఖొండలైటు. తూర్పు కనుమలలో నివసించే ఖోండు గిరిజనుల పేరు మీద టి. ఎల్. వాకర్ అనే భూవిజ్ఞాని 1902లో దీనికి ఆ పేరు పెట్టారు. కోణార్క సూర్యదేవాలయాన్ని ఎక్కువగా కట్టినది ఈ రాతితోనే. కొత్తగా పగిలిన ముక్కను ఎండలో తిప్పి చూస్తే ఎర్రని గార్నెట్ గింజలు, తెల్లని సన్నని సూదుల వంటి సిల్లిమనైట్, అక్కడక్కడ వేలికి నల్లగా అంటుకునే గ్రాఫైట్ రేకలు కనిపిస్తాయి. ఈ మూడూ మూడు సాక్ష్యాలు. సిల్లిమనైట్, గార్నెట్ అంత విరివిగా ఉండాలంటే మూలపదార్థంలో అల్యూమినియం అధికంగా ఉండాలి, అంటే ఈ రాయి ఒకప్పుడు బంకమట్టి అయి ఉండాలి. బంకమట్టి పుట్టాలంటే అంతకు ముందున్న ఏవో కొండల రాయి వానకు, గాలికి అరిగి ఉండాలి. గ్రాఫైట్ శుద్ధ కర్బనం. ఆనాటి సముద్రపు సూక్ష్మజీవులు గాలి నుంచి, నీటి నుంచి గ్రహించిన కర్బనం మట్టితో పాటు పాతుకుపోయి ఇలా మారిందని భావిస్తారు. ఆ మట్టి సుమారు 100 కోట్ల ఏళ్ల క్రితం ఇరవై అయిదు, ముప్పయి కిలోమీటర్ల లోతుకు దిగి, 900 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి లోనై స్ఫటికాలుగా మారింది. పాడేరు పరిసరాలలో దొరికే సాఫిరిన్ అనే అరుదైన ఖనిజం అంత వేడికి సాక్ష్యం. అందుకే ప్రపంచంలో అత్యధిక ఉష్ణోగ్రతకు లోనైన భూపటలాన్ని అధ్యయనం చేసే వారి దృష్టిలో ఈ మన్యం పేరు తరచు వస్తుంది. అదే కాలంలో ఈ కనుమలు నేటి తూర్పు అంటార్కిటికాతో కలిసి ఒకే పర్వతపంక్తిగా ఉండేవి. 1941లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూవిజ్ఞాన శాఖ మొదలైన తరువాత, సి. వి. రామన్ వద్ద పరిశోధన చేసిన సి. మహదేవన్ వంటి ఆచార్యుల నాయకత్వంలో, తరతరాల విద్యార్థులు ఈ రాళ్లను సుత్తితో కొట్టి, పలుచని పలకలుగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద చదువుతూ వచ్చారు. గాలి అరగదీసిన మట్టిని భూగర్భం కాల్చగా వచ్చిన రాయి ఇది అన్న నిర్ణయం అటువంటి ఓపికైన చదువు వల్ల స్థిరపడినదే.

గాలి రాతిని అరగదీసే పద్ధతి కొంత వివరంగా చూడదగినది, ఎందుకంటే భూమి ఉష్ణోగ్రతను కోట్ల ఏళ్లుగా అదుపులో ఉంచుతున్నది అదే. వానచినుకు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని స్వల్పమైన కార్బానిక్ ఆమ్లం అవుతుంది. ఆ ఆమ్లం ఫెల్డ్‌స్పార్ వంటి సిలికేట్ ఖనిజాలను, అంటే సిలికాన్, ఆక్సిజన్‌లతో ఏర్పడిన ఖనిజాలను, మెల్లగా విడగొట్టి కాల్షియాన్ని నీటిలోకి లాగుతుంది. నదులు దాన్ని సముద్రానికి చేరుస్తాయి. అక్కడ కాల్షియం, కర్బనం కలిసి సున్నపురాయిగా అడుగున పేరుకుంటాయి. రాయి ఇలా విడిపోవడాన్ని శిలాశైథిల్యం అంటారు. అనంతగిరి, గాలికొండ, చింతపల్లి ప్రాంతాలలోని బాక్సైట్ నిక్షేపాలు ఖొండలైటు ఇలా వెచ్చని తడి వాతావరణంలో లక్షల ఏళ్లు శిథిలమై, కరిగిపోగలిగినదంతా కరిగిపోగా మిగిలిన అల్యూమినియం ముద్దలే. బొర్రా గుహలలో గోస్తనీ నది సున్నపురాతిని కరిగించి తొలుచుకుంటూ భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. కానీ సున్నపురాయి కరిగినప్పుడు పట్టుబడిన కర్బనం సముద్రంలో మళ్లీ సున్నపురాయి ఏర్పడేటప్పుడు విడుదలవుతుంది కనుక దీర్ఘకాలపు పద్దులో దానికి లాభనష్టాలు లేవు. గాలిలో కర్బనాన్ని నిజంగా తగ్గించేది సిలికేట్ రాళ్ల అరుగుదలే.

సిలికేట్ రాళ్ల అరుగుదల వేడిని బట్టి మారుతుంది. నేల వెచ్చబడితే వానలు పెరుగుతాయి, రసాయనిక చర్యలు వేగవంతమవుతాయి, రాయి ఎక్కువగా అరుగుతుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గి నేల మళ్లీ చల్లబడుతుంది. నేల మరీ చల్లబడితే అరుగుదల మందగించి, అగ్నిపర్వతాలు విడిచే వాయువు పోగై మళ్లీ వెచ్చబడుతుంది. తొలినాళ్లలో సూర్యుడు నేటి కంటే సుమారు 30 శాతం తక్కువ కాంతివంతంగా ఉన్నా భూమి మంచుగడ్డ కాకుండా సముద్రాలు ఎలా నిలిచాయన్న చిక్కుప్రశ్నకు జేమ్స్ వాకర్, పాల్ హేస్, జేమ్స్ కాస్టింగ్ అనే శాస్త్రవేత్తలు 1981లో ఈ నియంత్రణనే సమాధానంగా ప్రతిపాదించారు. అయితే ఈ ఏర్పాటు పనిచేయాలంటే పాతుకుపోయిన కర్బనం ఎక్కడో ఒకచోట తిరిగి గాలిలోకి రావాలి, లేకపోతే గాలి ఖాళీ అయిపోతుంది. అందుకు భూగర్భపు వేడి కావాలి. విశాఖ, విజయనగరం ప్రాంతాలలో ఖొండలైటుతో పాటు దొరికే సున్నపు గ్రాన్యులైటు రాళ్లలో వొలస్టొనైట్ అనే తెల్లని ఖనిజం ఉంటుంది. సున్నపురాయి, ఇసుక కలిసి తీవ్రమైన వేడికి లోనైనప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ను విడిచిపెట్టగా మిగిలేది ఆ ఖనిజమే. అంటే ఈ కొండల అడుగున ఒకప్పుడు సున్నపు బట్టీ పని జరిగింది, ఆ వాయువులో కొంత ఆనాటి ఆకాశంలో చేరింది.

ఆ పని నేడు జరుగుతున్న చోటుకు వన్ టౌన్ పక్కనున్న రేవు నుంచే ప్రయాణికుల ఓడలు వెళుతుంటాయి. బంగాళాఖాతానికి ఆవలి అంచున, అండమాన్ దీవుల పొడవునా, భారత భూభాగాన్ని మోస్తున్న పలక ఇంకొక పలక కిందికి జారుతోంది. సముద్రపు అడుగు రాయితో పాటు నీరు, సున్నపు మట్టి కూడా లోపలికి దిగుతాయి. నీరు చేరిన రాయి తక్కువ వేడికే కరుగుతుంది. ఆ కరుగు అగ్నిపర్వతమై పైకి వస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న బారెన్ దీవి భారతదేశంలో సజీవంగా ఉన్న ఏకైక అగ్నిపర్వతం. పందొమ్మిదో శతాబ్దం నుంచి నిద్రలో ఉన్న అది 1991లో మళ్లీ మేలుకుంది.

తెలుగు నేల మీద అగ్నిపర్వతపు చరిత్ర ఇంకా పెద్దది. రాజమహేంద్రవరం పక్కన కాతేరులో, గోదావరి ఆవలి గట్టున పంగిడి, గౌరీపట్నం క్వారీలలో కంకర కోసం కొట్టే నల్లరాయి, సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం పశ్చిమాన దక్కను పీఠభూమిని కప్పిన లావా ప్రవాహాలతో ముడిపడినది. పడమటి కనుమల వైపు పుట్టిన లావా వెయ్యి కిలోమీటర్ల దాకా ప్రవహించి ఇక్కడికి చేరిందని అధ్యయనాలు చెబుతున్నాయి, ఆ లెక్కన భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాలలో ఇవి ఉన్నాయి. ఆ విస్ఫోటనాలు గాలిలోకి కార్బన్ డయాక్సైడ్‌ను, గంధకపు వాయువులను పెద్ద ఎత్తున విడిచాయి. కానీ నల్లరాయి అంటే బసాల్టు త్వరగా శిథిలమయ్యే రాయి. భారతదేశం ఉత్తరంగా కదిలి వెచ్చని వానల మండలంలోకి వచ్చిన కొద్దీ ఆ రాయి అరుగుతూ తాను విడిచిన వాయువును తిరిగి గ్రహించింది. తెలంగాణలోని దక్కను లావా నేలల్లో పత్తి పండించే రైతు కాలికి అంటుకునే నల్లరేగడి ఆ అరుగుదల వల్ల మిగిలిన మట్టే. ఆ తరువాతి కోట్ల ఏళ్లలో భూమి మొత్తం చల్లబడడంలో దక్కను బసాల్టు అరుగుదల పాత్ర కూడా ఉందని పలువురు శాస్త్రవేత్తల అభిప్రాయం.

ఈ వలయం ఆగిపోతే ఏమవుతుందో పొరుగు గ్రహాలు చూపిస్తాయి. పొయ్యి మీద నుంచి దించిన గిన్నెడు పాలు గుండిగెడు పాల కంటే ముందు చల్లారినట్లే, భూమి బరువులో పదో వంతు మాత్రమే ఉన్న అంగారకుడు తన వేడిని త్వరగా కోల్పోయాడు. దాని కేంద్రంలోని కదలిక నిలిచి అయస్కాంత క్షేత్రం సుమారు 400 కోట్ల ఏళ్ల క్రితం ప్రాంతంలోనే అంతరించింది. అగ్నిపర్వతాలు నెమ్మదించడంతో పోయిన గాలికి బదులు కొత్త గాలి రాలేదు. బలహీనమైన గురుత్వం, ఉన్న గాలిని కూడా పూర్తిగా నిలపలేకపోయింది. నేడు అక్కడి వాయుపీడనం భూమి మీది దానిలో ఒక శాతం కూడా లేదు. 2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి బయలుదేరిన మంగళ్‌యాన్, తన పరికరాలలో ఒకటైన మెంకాతో అంగారకుడి పై అంచున అంతరిక్షంలోకి జారే గాలి కూర్పును కొలిచింది. అయస్కాంత క్షేత్రం ఒక్కటే గాలికి రక్ష అనే మాట తరచు వింటాం గానీ అది సరికాదు. శుక్రుడికి అటువంటి క్షేత్రం లేకపోయినా భూమి మీది కంటే సుమారు 90 రెట్ల పీడనం గల వాయుమండలం ఉంది. పరిమాణంలో భూమికి తోబుట్టువైన శుక్రుడి మీద నీరు నిలవలేదు, నీరు లేక రాయి అరిగి కర్బనాన్ని బంధించలేదు, అగ్నిపర్వతాలు విడిచిన కార్బన్ డయాక్సైడ్ అంతా గాలిలోనే ఉండిపోయి నేల 460 డిగ్రీల పైచిలుకు వేడికి చేరింది. ఆశ్చర్యం కలిగించే విషయమేమిటంటే భూమి మీద సున్నపురాళ్లలో బంధితమైన కర్బనాన్ని మొత్తం విడుదల చేస్తే అది కూడా ఇంచుమించు శుక్రుడి గాలిలో ఉన్నంత ఉంటుంది. శుక్రుడి మీద అగ్నిపర్వతాలు నేటికీ సజీవంగా ఉన్నాయనడానికి, 1991లో మెజెల్లాన్ నౌక తీసిన చిత్రాలను తిరిగి పరిశీలించిన శాస్త్రవేత్తలు 2023లో ఆధారం చూపారు. భారత శుక్రయాత్రకు కేంద్రప్రభుత్వం 2024 సెప్టెంబర్‌లో ఆమోదం తెలిపింది.

ఇక వన్ టౌన్ మీద వాలే ఎర్ర ధూళి సంగతి. తొలి సముద్రాలలో, నడిసముద్రపు వేడినీటి బుగ్గల ద్వారా భూగర్భం నుంచి వచ్చిన ఇనుము నీటిలో కరిగి ఉండేది. గాలిలో అప్పటికి ఆక్సిజన్ లేదు. కిరణజన్య సంయోగక్రియ నేర్చిన సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను విడవడం మొదలుపెట్టాక, అది మొదట గాలిలోకి పోక ఇనుముతో కలిసి తుప్పుగా అడుగున పేరుకుంది; ఇసుకలోని పదార్థమైన సిలికాతో పొరలు పొరలుగా కలిసిన ఆ తుప్పే ఇనుప ఖనిజపు కొండలు. ప్రపంచంలోని ఇటువంటి పొరలలో అధికభాగం 280 కోట్ల నుంచి 180 కోట్ల ఏళ్ల కిందటివి. సుమారు 240 కోట్ల ఏళ్ల క్రితం ఆక్సిజన్ గాలిలో నిలదొక్కుకుంది. ప్రావారం, అంటే భూపటలం కిందున్న మందమైన రాతి భాగం, క్రమంగా చల్లబడడం వల్ల ఆక్సిజన్‌ను మింగివేసే అగ్నిపర్వత వాయువులు తగ్గడం అందుకు ఒక కారణమని కొందరు శాస్త్రవేత్తలు వాదిస్తున్నారు. బైలడిల్లా కొండలు ఆ తుప్పు పొరల తెగకు చెందినవి. జపాన్ ఉక్కు పరిశ్రమ అవసరం కోసం 1960లలో అరకు కొండలను తొలిచి వేసిన కిరండూల్-కొత్తవలస రైలుమార్గం అక్కడి ఎర్రరాతిని విశాఖ రేవుకు చేర్చడం మొదలుపెట్టింది. ఆక్సిజన్ పని నేటికీ సాగుతోందనడానికి విశాఖకూ భీమునిపట్నానికీ మధ్యనున్న ఎర్రమట్టి దిబ్బలు ఉదాహరణ. కొండల నుంచి వచ్చిన ఇసుకలోని ఇనుప ఖనిజాలు గాలి తగిలి తుప్పుపట్టి, ప్రతి రేణువు మీద పలుచని ఎర్రపూతగా ఏర్పడడం వల్ల వాటికి ఆ రంగు. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఆ దిబ్బలను చదును చేసే ఏ ప్రయత్నాన్నీ అంగీకరించకూడదు. అక్కడ పోయిన పొరను తిరిగి పేర్చగల ఇంజనీరు లేడు.

నల్ల ధూళి ఇంకా ఇటీవలిది. సింగరేణి బొగ్గు అయినా, విశాఖ ఉక్కు కర్మాగారానికి ఆస్ట్రేలియా నుంచి వచ్చే కోకింగ్ బొగ్గులో అధికభాగం అయినా, సుమారు 30 కోట్ల నుంచి 25 కోట్ల ఏళ్ల క్రితం, రెండు దేశాలూ గోండ్వానా అనే ఒకే మహాఖండంలో భాగాలుగా ఉన్నప్పటి అడవుల నుంచి ఏర్పడినది. ఆ చెట్లు గాలి నుంచి తీసుకున్న కర్బనం కుళ్లి తిరిగి గాలిలో కలవకుండా బురదలో పాతుకుపోయింది. పాతుకుపోయిన కర్బనానికి బదులుగా అంత ఆక్సిజన్ గాలిలో మిగిలింది. 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారపు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. వాటిలో జరిగే రసాయనిక చర్య సూక్ష్మంగా ఇంతే: ఎర్రరాతిలో కోట్ల ఏళ్లుగా బంధితమైన ఆక్సిజన్‌ను నల్లరాతిలో కోట్ల ఏళ్లుగా బంధితమైన కర్బనంతో కలిపి ఇనుమును విడదీయడం, ఆ కలయికతో పుట్టిన వాయువును చివరకు గాలిలోకి విడవడం. మలినాలను తొలగించడానికి వేసే సున్నపురాయి కూడా వేడికి తన కార్బన్ డయాక్సైడ్‌ను విడిచిపెడుతుంది. ఈ పద్ధతిలో టన్ను ఉక్కుకు రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. భూమి ఎర్రరాతినీ నల్లరాతినీ వేర్వేరు యుగాలలో, వేర్వేరు చోట్ల దాచింది. ఆ రెండింటినీ ఒకచోట చేర్చి కొద్ది గంటలలో విప్పగలగడం మానవ ప్రజ్ఞే, దాన్ని చులకన చేయవలసిన పని లేదు, కానీ వేగం తేడాను మాత్రం గుర్తించక తప్పదు.

ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏడాదికి విడిచే కార్బన్ డయాక్సైడ్ 30 నుంచి 40 కోట్ల టన్నులని అంచనా. బొగ్గు, చమురు, సహజవాయువు మండించడం, సిమెంటు తయారీ ద్వారా మనుషులు విడిచేది సుమారు 3,700 కోట్ల టన్నులు, అంటే భూగర్భపు వేడి చేసే పనికి ఇంచుమించు వంద రెట్లు. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలోని ప్రతి పది లక్షల అణువులలో సుమారు 280గా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. వాన నీటికి అరిగే కొండలు ఈ అదనపు వాయువును చివరకు గ్రహిస్తాయనడంలో సందేహం లేదు. కైలాసగిరి, యారాడ కొండలు కూడా ఏ ఏటి వానకు ఆ ఏడు తమ వంతు గ్రహిస్తూనే ఉన్నాయి. అయితే ఆ పని పూర్తి కావడానికి పట్టే కాలం కొన్ని లక్షల ఏళ్లు.